గిద్దలూరు బాల్కనీ

సినిమాలో ఆ పాటను కోసేశారన్న సంగతి కోటిరత్నానికి శుక్రవారం సాయంత్రం దాకా తెలియదు. తెలిసి ఉంటే ఆ నాలుగు వాక్యాలు రాసేది కాదు. రాసినా పాట ఊసెత్తేది కాదు.

ఆమె జాగ్రత్త మనిషి. గిద్దలూరు రాజేశ్వరి టాకీస్ యజమాని దశరథరామయ్యకు కోడలు కాబట్టి, కొత్త సినిమా ఏదైనా ఊరందరికంటే ఒక రోజు ముందే చూస్తుంది. గురువారం మ్యాట్నీ ఆపేసి ట్రయల్ వేస్తారు. కింద మామగారూ, భర్త గురునాథమూ. పైన బాల్కనీ చివరి వరసలో అత్తగారు రాజేశ్వరమ్మా, తనూ. వెనక కేబిన్‌లో ఆపరేటర్ నాగులు. చూసినదాని గురించి కోటిరత్నం ఫేస్‌బుక్‌లో ‘గిద్దలూరు బాల్కనీ’ అనే పేజీలో రాస్తుంది. సినిమా ఒక్కటే కాదు, రేడియోలో విన్న పాట, లైబ్రరీ నుంచి తెప్పించుకున్న నవల, ఏది తోస్తే అది. ఆ పేజీ ఆమెదని ఇంట్లో ఎవరికీ తెలియదు. బయటా తెలియదు. కంభం నుంచి మార్కాపురం దాకా వేలమంది చదువుతారు. రాసేది ఎవరో మగమనిషి అనుకుని “అన్నా” అని పిలుస్తారు. పిలవనిచ్చింది.

ట్రయల్‌లో చూసినా ఆమె ఎప్పుడూ శుక్రవారం పొద్దుటి ఆట వదిలేదాకా రాయదు. ఆట వదిలాక రాస్తే ఆ ఆట చూసినవాళ్లలో ఎవరైనా రాసి ఉండొచ్చు. ఈసారీ అట్లాగే ఆగింది. పొద్దుటి ఆట జనం బయటికి వస్తున్న చప్పుడు వంటింటి కిటికీలోంచి విన్నాక, కుక్కర్ పొయ్యి మీద పెట్టి, ఫోన్ తీసింది.

“మొదటి సగం పర్వాలేదు. రెండో సగం రబ్బరు. హీరోకు అంత కోపం ఎందుకొచ్చిందో ఆయనకైనా ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. బావి దగ్గర తల్లి పాడే పాట మాత్రం వెంట వస్తుంది. దానికోసం వెళ్లండి. మిగతా సేపు పల్లీలు తినండి.”

కుక్కర్ కూత పెట్టేలోపు పేజీలో పెట్టేసి, ఫోన్‌ను బియ్యం డబ్బా మీద బోర్లించింది.

సాయంత్రం ఆమె ఉప్మా వడ్డిస్తుండగా గురునాథం చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చాడు. ఇల్లు థియేటర్ వెనకే. మధ్యలో ఒక గేటు.

“ఇది చూడు నాయనా. కంభం నుంచి ఫోన్ చేసినారు, మార్కాపురం నుంచి చేసినారు. అందరూ ఇదే చదువుకోని ఇండ్లల్లో కూసున్నారంట. ఫస్ట్ షోకు బాల్కనీలో పట్టుమని పదిమంది లేరు.”

ఆ సినిమాను పడమటి ప్రకాశం జిల్లా మొత్తానికి గురునాథమే కొన్నాడు. మార్కాపురం, కంభం, కనిగిరి, గిద్దలూరు, నాలుగు చోట్లా వేయించాడు. ఇంట్లో ఎవరూ వద్దన్నా వినలేదు.

దశరథరామయ్య ఉప్మా ప్లేటు పక్కకు జరిపాడు. “చదువు.”

గురునాథం చదివాడు. పల్లీల ముక్కను గబగబా దాటించాడు.

“మళ్లీ చదువు. పాట ఉండాదే, ఆ ముక్క.”

“బావి దగ్గర తల్లి పాడే పాట మాత్రం...”

“అది మనం తీసేస్తిమి గదరా.”

కోటిరత్నం చేతిలో గరిటె ఆగింది.

రాజేశ్వరి టాకీస్‌లో ‘రైలు కోత’ అనేది పాత అలవాటు. మ్యాట్నీకి వచ్చేవాళ్లలో సగంమంది రైలు మార్గం పక్క ఊళ్లవాళ్లు. సినిమా పొడుగైతే ప్యాసింజర్ వెళ్లిపోతుందని క్లైమాక్స్‌కు ముందే లేచిపోతారు, బయట తిట్టుకుంటారు. అందుకని ఒక పాటను దాటించేయడం రీళ్ల కాలం నుంచీ ఉంది. కానీ అది మ్యాట్నీకే. పొద్దుటి ఆటకు ఎప్పుడూ కోయరు. కోటిరత్నం ఆ ధీమాతోనే రాసింది.

“పొద్దుటి ఆట నుంచే తీసెయ్యమన్నా,” అన్నాడు గురునాథం. “రోజుకు ఇంకో ఆట ఎక్కువ పడాలంటే అట్లనే కుదిరింది.”

“అంటే ఈ ఊళ్లో ఆ పాట చూసినోళ్లు ఎవురు?”

“మార్కాపురంలో చూసినోడేమో?”

“మార్కాపురంలో చూసేటోడు గిద్దలూరు బాల్కనీ అని పేరు పెట్టుకుంటాడా? గురువారం ఉన్నోళ్లం ఎవరం? నువ్వు, నేను, కేబిన్‌లో వాడు.” దశరథరామయ్య ప్లేటు మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. లెక్క తేలిపోయినప్పుడు ఆయనకు ఆకలి వేస్తుంది. “ఇంకొంచెం వెయ్యమ్మా.”

ఆయన లెక్కలో బాల్కనీ చివరి వరస లేదు. కోటిరత్నం వేసింది.

*

శనివారం పొద్దున నాగుల్ని ఆఫీసు గదిలోకి పిలిచారు. కోటిరత్నం కాఫీ ఫ్లాస్కుతో వచ్చి పక్కమెట్ల దగ్గర నిలబడిపోయింది. లోపలి మాటలు గోడకు చెవి ఆనించక్కర్లేకుండానే వినిపిస్తున్నాయి.

“మేము నీకేం తక్కువ చేసినాం నాగులూ?” దశరథరామయ్య గొంతు.

“ఏం జరిగింది పెద్దయ్యా?”

గురునాథం చదివి వినిపించాడు. నాగులు అంతా విన్నాడు.

“బాగనే రాసినాడే,” అన్నాడు.

గురునాథం కుర్చీ వెనక్కి నెట్టిన చప్పుడైంది.

“బాగనే రాసినాడా? నువ్వు చెప్పింది నీకు బాగనే ఉంటాది.”

“నేను చెప్పడమేంది చిన్నయ్యా? నాది బటన్ల ఫోను. ఇదిగో, చూడు.”

“నీ కూతురిది బటన్ల ఫోనా? మార్కాపురంలో డిగ్రీ చదువుతోందని టచ్ ఫోను కొనిచ్చినావంట గదా. నువ్వు చెప్పినావు, ఆ పిల్ల రాసింది. ఆ పాట ఈ ఊళ్లో చూసినోళ్లం ముగ్గురం. నేను రాసుకుంటానా? మా నాయన రాస్తాడా?”

“నేను చెప్పలే.”

“శుక్రవారం పొద్దున కేబిన్ కాడ నాతో ఏమన్నావు? పాట తియ్యొద్దు అనలే?”

“అన్నా. బాగుంది గదా, ఉంచుదాం అన్నా. నువ్వు తియ్యమంటివి, తీస్తిని. అంతవరకే.”

“అదే మాట ఈడ రాసుంది చూడు. అక్షరం పొల్లు పోకుండా.”

టేబుల్ మీద నాగులు తాళాలు పెట్టిన చప్పుడు వినిపించింది. విసరలేదు, పెట్టాడు.

“తాళాలు ఇస్తే సరిపోదు,” అన్నాడు గురునాథం. “సోమవారం ఆ పిల్లను ఈడికి పిల్చకరా. నిలబడి చెప్పాల. రాసింది తప్పు, సినిమా బాగుంది, కుటుంబంతో వచ్చి చూడండి, అని. ఫోన్లో తీసి పెడతాం. చెప్పలేదనుకో, పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇస్తా. ఇంక కనిగిరి దాకా ఏ కేబిన్‌లో కూసుంటావో చూస్తా.”

నాగులు బయటికి వస్తూ పక్కమెట్ల మీద కోటిరత్నాన్ని చూశాడు. ఎప్పటిలాగే తల వంచి దారి ఇచ్చాడు. “కాఫీ ఆరిపోతాదమ్మా,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె చేయగలిగినవన్నీ ఆలోచించింది. పేజీ తీసేస్తే? దొరికిపోయినాక భయపడి తీసేశాడంటారు. తీయకుండా ఊరుకుంటే? సోమవారం వస్తుంది. మార్కాపురం నుంచి రాసినట్టు నమ్మిస్తే?

స్నానాల గదిలో నిలబడి టైప్ చేసింది. “చాలామంది అడుగుతున్నారు. నేను ఈ సినిమా మార్కాపురంలో చూశాను. పేజీ పేరు పాతది, అంతే.”

గురునాథం దాన్ని చూసి నవ్వుకుంటూ వంటింట్లోకే వచ్చాడు.

“చూసినావా కోటీ? పొద్దున అడిగినాం. మధ్యాన్నానికి మార్కాపురం అంటున్నాడు. ఆ పిల్ల ఉండేది మార్కాపురమే గదా. వాళ్లే, అనుమానమే లేదు.”

“నాగులన్న అట్లాంటి మనిషి కాదేమోనండీ.”

“నీకేం తెల్సు? ఇంట్లో ఉండేదానివి.” కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. ఒక వడియం నోట్లో వేసుకుని వెళ్లాడు.

తను కదిపిన కొద్దీ తాడు నాగులు మెడకే బిగుస్తోంది. అబద్ధం చెప్పినా అనుమానం ఆయన మీదికే పోతోంది. ఊరుకున్నా ఆయన మీదికే పోతోంది. తనవైపు రావడానికి దానికి దారే లేదు. ఈ ఇంట్లో కోటిరత్నానికి ఒక అభిప్రాయం ఉండొచ్చని ఎవరికైనా తోస్తే గదా.

ఆదివారం నాగులు భార్య ఓబులమ్మ పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. రాజేశ్వరమ్మ కూర్చోమంటే కూర్చోలేదు.

“పని పోతే పోయిందమ్మా. ఆయప్ప సిమెంటు పనికైనా పోతాడు. పిల్ల మొగం ఫోన్లో పెట్టొద్దని ఒక్క మాట చెప్పు చిన్నయ్యకు. చిన్నయ్య నలుగురికీ చెప్పినాడంట, ఇప్పటికే కాలేజీలో దాన్ని ‘బాల్కనీ, బాల్కనీ’ అని పిలుస్తున్నారంట. చెయ్యని పనికి తప్పయిందని చెప్తే, ఇంక బతుకంతా చేసినట్టే గదా?”

“మగోళ్ల మాటల్లోకి నేను పోనే,” అంది రాజేశ్వరమ్మ. “నీకు తెలీందేముంది.”

“పోనీ, నువ్వు చెప్తావా అక్కా?” ఓబులమ్మ కోటిరత్నం వైపు తిరిగింది.

కోటిరత్నం కందిపప్పు చెరుగుతోంది. చేట ఆపింది.

“రేపు ఎన్ని గంటలకు రమ్మన్నారు?” అని అడిగింది.

*

సోమవారం పొద్దుటి ఆటకు ముందు థియేటర్ హాల్లో, గోడకు ఉన్న పోస్టర్ కింద, నాగులు కూతురు శైలజను నిలబెట్టారు. పోస్టర్లో హీరో కోపంగా ఉన్నాడు. కాలేజీ సంచి భుజానికి ఉండగానే వచ్చింది ఆ పిల్ల. నాగులు గేటు పక్కన, ఓబులమ్మ ఆయన వెనక. గురునాథం ఫోన్ పట్టుకుని వెలుతురు కోసం అటూ ఇటూ జరుగుతున్నాడు. దశరథరామయ్య కుర్చీలో ఉన్నాడు.

“సంచి తీసెయ్. నవ్వాల్సిన పన్లేదు గానీ, ఏడుపు మొగం పెట్టొద్దు. కాగితం చూడకుండా చెప్పు.”

“నేను రాయలేదు అంకుల్.”

“చెప్పడానికేం? రెండు మాటలు.”

కోటిరత్నం ఎప్పుడూ థియేటర్‌లోకి ముందు వైపు నుంచి రాలేదు. ఇంటివాళ్లు పక్కమెట్ల మీదుగా బాల్కనీకి వెళ్తారు. ఆ రోజు చుట్టూ తిరిగి వీధి గేటులోంచి వచ్చింది. టికెట్లు చించే సుబ్బన్న ఆమెను చూసి స్టూలు మీంచి లేచాడు.

“ఆ పిల్ల కాదు,” అంది. “నేను.”

గురునాథం ఫోన్ దించలేదు. “ఏంది నువ్వు? లోపలికి పో, తీస్తున్నాం.”

“రాసింది నేను. ఆ పేజీ నాది.”

అతను తండ్రి వైపు చూశాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వు వచ్చింది. “ఓబులమ్మ వచ్చి ఏడ్చిందంట,” అన్నాడు గురునాథం. “దీనిది జాలిగుండె. ఏమే, నువ్వు సినిమాలో నిద్రపోతావని మా అమ్మ చెప్తాది గదే.”

“ఎవరూ ఏడవలే చిన్నయ్యా,” అంది ఓబులమ్మ.

కోటిరత్నం కొంగు చాటునుంచి ఫోన్ తీసింది. అందరి ముందూ నిలబడి టైప్ చేసింది. వేలు ఒకసారి తప్పింది, చెరిపి మళ్లీ కొట్టింది. పెట్టింది.

గురునాథం చేతిలోని ఫోన్ చిన్నగా మోగింది. పేజీలో ఏది పడినా తెలియాలని శుక్రవారం నుంచి అట్లా పెట్టుకున్నాడు. చూశాడు.

“ఇప్పుడు రాజేశ్వరి టాకీస్ హాల్లో నిలబడి ఉన్నాను. ఎదురుగా నాలుగు కుర్చీలు, మూడింటికే చేతులు ఉన్నాయి.”

గురునాథం తలెత్తి కుర్చీల వైపు చూశాడు. చేతుల్లేని కుర్చీలో దశరథరామయ్య కూర్చుని ఉన్నాడు.

“ముందు అది తీసెయ్,” అన్నాడు పెద్దాయన. గొంతు పెంచలేదు. “సుబ్బన్నా, గేటు వెయ్యి. నాగులూ, మీరు ఇంటికి పోండి.”

అంతే అన్నాడు. తప్పయిందన్న మాట లేదు.

శైలజ సంచి సర్దుకుంటూ కోటిరత్నం దగ్గర ఆగింది. “మీరా అక్కా? నేను మీవన్నీ చదువుతా. మా నాయనకు కూడా చదివి వినిపించేదాన్ని.” ఆ మాటలో సంతోషం ఉంది. అది చూసి కోటిరత్నం తల దించుకుంది.

నాగులు మాత్రం గేటు దగ్గర వెనక్కి తిరిగాడు. “శనివారం నువ్వు మెట్ల మీదే ఉంటివి గదమ్మా,” అన్నాడు. “ఆ పొద్దే చెప్పింటే బాగుండు.”

*

ఇంట్లో తిడతారనీ, ఫోన్ పగలగొడతారనీ, పుట్టింటికి పంపిస్తారనీ ఆమె అన్నిటికీ సిద్ధపడింది. సాయంత్రమైనా ఏదీ జరగలేదు. గురునాథం వరండాలో కూర్చుని పేజీని కిందికి, ఇంకా కిందికి తోస్తూ పోయాడు. మధ్యలో ఒకసారి నవ్వాడు. వెంటనే నవ్వు ఆపుకున్నాడు.

రాజేశ్వరమ్మ వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

“ఎన్నాళ్ల నుంచి?”

“మూడేండ్లయింది అత్తమ్మా.”

“నన్ను గురించి రాసినావా?”

“లేదు.”

“ఊఁ.” ఆవిడ కొంచెం నిరుత్సాహపడినట్టే కనిపించింది.

మంగళవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక దశరథరామయ్య కోడల్ని పిలిచి కుర్చీ చూపించాడు. ఆ ఇంటికి వచ్చిన తర్వాత ఆయన ముందు ఆమె కూర్చోవడం అదే మొదలు.

“జనం నీ మాట వింటారమ్మా. మనవాడు లక్ష పోస్టర్లు వేసినా రాని పేరు ఇది. పోయిందేదో పోయింది. ఈ శుక్రవారం వెంకటరామయ్య థియేటర్లో పెద్ద సినిమా పడుతోంది.”

వెంకటరామయ్య థియేటర్ రైలు గేటుకు అవతల. ఊళ్లో ఉన్నవి ఆ రెండే.

“దాన్ని గురించి రాయి,” అన్నాడు గురునాథం. “బాగలేదని రాయి. మనది ఇంకో వారం ఆడుతుంది.”

“చూడకుండా ఎట్లా రాస్తానండీ?”

“చూసేదేముంది? మన సినిమా గురించి రాసినట్టే రాయి. సాగదీసినారు, రబ్బరు, పల్లీలు.”

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వాళ్లకు కోపం లేదు. ఉంటే బాగుండేది. కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు దిగుతుంది.

“నాగులన్న మళ్లీ కేబిన్‌లో కూర్చోవాలి,” అంది.

“కూసుంటాడు. రేపే పిలుస్తా.”

“శైలజ రాయలేదని మీరు నలుగురికీ చెప్పాలి. కాలేజీలో ఆ పిల్లను ఏడిపిస్తున్నారు.”

“ఎట్ల చెప్పేది? మరి ఎవరు రాసినారని అడుగుతారు. మా ఇంటి కోడలు, ఫోన్లో మగోడి వేషం కట్టుకోని మా సినిమానే ముంచింది, అని చెప్పాలా?” గురునాథం చెయ్యి చాచాడు. “ఆ పాస్‌వర్డ్ చెప్పు. నువ్వు రాయకుంటే నేను రాస్తా. పేరు నీదే గదా, పని నడుస్తాది.”

ఆమె చెప్పింది. చెప్పకపోతే నాగులు బుధవారం కేబిన్‌లోకి రాడు. గురునాథం తన ఫోన్లో నెమ్మదిగా కొట్టుకున్నాడు. లోపలికి వెళ్లగానే ముఖం వెలిగింది. కొత్త షాపు తాళం తీసినవాడిలా ఉన్నాడు.

“కానీ చూసే రాస్తాను,” అంది కోటిరత్నం. “చూడనిది రాస్తే జనం పట్టేస్తారు. మీకే నష్టం.”

దశరథరామయ్య ఆలోచించాడు. నష్టం అన్న మాట ఆయనకు అర్థమయ్యే మాట. “తీసకపోరా,” అన్నాడు కొడుకుతో.

నాగులు బుధవారం వచ్చాడు. కేబిన్ అద్దం తుడిచాడు, ఆట వేశాడు. బాల్కనీలో ఆమె ఎదురుపడితే ఎప్పటిలా తల వంచాడు. కాఫీ గురించి మాత్రం ఏమీ అనలేదు.

*

రాజేశ్వరి టాకీస్ ఇంటివాళ్లు వెంకటరామయ్య థియేటర్‌కు వెళ్లరు. వాళ్లూ ఇటు రారు. పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని తింటారు, ఒకరి సినిమా గురించి ఒకరు నోరెత్తరు. అందుకే శుక్రవారం పొద్దున గురునాథం స్కూటర్ వచ్చి ఆగగానే గేటు దగ్గరున్న వెంకటరామయ్య నోట్లోని వక్కపలుకు నమలడం మానేశాడు.

“ఏం గురునాథం, దారి తప్పినావా?”

“మా ఇంటామె చూస్తానంది మామా.”

“ఆడపిల్ల నోరు తెరిచి అడిగితే కాదంటామా? బాల్కనీకి పోండి. టికెట్ ఏంది మీకు, నవ్వుతారు.”

“టికెట్ తీసుకుంటాను బాబాయ్,” అంది కోటిరత్నం. ఆడవాళ్ల వరసలో నిలబడింది. ముందున్న ఆవిడ చంకలోని బిడ్డ ఆమె గాజులు లాగుతోంది. జీవితంలో ఆమె సినిమాకు టికెట్ కొనడం అదే మొదటిసారి. టికెట్ కిటికీ రంధ్రంలో చెయ్యి పెట్టి చీటీ తీసుకుని, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక గుప్పిట్లోనే పట్టుకుంది.

సినిమా బాగుంది.

ఆ సంగతి ఆమెకు పావుగంటలోనే తెలిసిపోయింది. ఎక్కడా అరుపుల్లేవు. ఒక ముసలాయన తన దర్జీ షాపు మూసేసే ముందు చివరి చొక్కా కుడతాడు, అంతే కథ. జనం పల్లీలు నమలడం మర్చిపోయారు. ఇంటర్వెల్ దీపాలు వెలగ్గానే గురునాథం ఫోన్ ఆమె ముందు పెట్టాడు. పొద్దున ఇంట్లోనే రాసి ఉంచుకున్నాడు.

“గోరంగా సాగదీశారు. డబ్బులు దండగ. రాజేశ్వరి టాకీస్‌లో సినిమానే నయం. అందరూ వెళ్లి చూడగలరు.”

“ఇంకా సగం ఉంది,” అంది ఆమె.

రెండో సగంలో ముసలాయన చొక్కాకు ఆఖరి గుండీ కుడుతుంటే దారం తెగింది. సూదిలో మళ్లీ దారం ఎక్కించడానికి ఆయన పడే అవస్థను కెమెరా అట్లాగే చూస్తూ ఉండిపోయింది. కోటిరత్నం పక్కకు చూసింది. గురునాథం ముందుకు వంగి, ముందు సీటు పట్టుకుని ఉన్నాడు. వేళ్లతో అతనే సూదిని తిప్పుతున్నాడు. దారం ఎక్కగానే గట్టిగా ఊపిరి వదిలాడు.

ఆట వదిలింది. మెట్ల మలుపులో జనాన్ని పోనిచ్చి ఇద్దరూ గోడ పక్కన నిలబడ్డారు. అతను కళ్లు తుడుచుకోలేదు, కర్చీఫుతో ముఖమంతా తుడుచుకున్నాడు.

“బాగుంది గదండీ,” అంది.

“బాగుంది.” అతను కాదనలేదు. “ఇట్లాంటిది ఒకసారి పడితే ఆరు వారాలు కదలదు. అందుకే ఈ పొద్దే రాయాల, బాగలేదని. నేను పెట్టమంటావా, నువ్వు నీ మాటల్లో పెడతావా?”

“నా మాటల్లో పెడతాను.”

“నీ మాటలైతే నమ్ముతారు,” అని ఫోన్ జేబులో వేసుకున్నాడు. ఆమె రాస్తున్నంతసేపూ చుట్టూ ఎవరూ చూడకుండా అడ్డంగా నిలబడ్డాడు.

ఆమె తొందరపడలేదు. ఒక్కో మాట చదువుకుంటూ రాసింది.

“ఈ సినిమా చాలా బాగుంది. దారం తెగే చోట మా ఆయన ఊపిరి బిగపట్టారు. మీరూ బిగపడతారు, వెళ్లండి. ఇంకో మాట. ఈ పేజీలో మొదటినుంచీ రాస్తున్నది నేనే. ఆపరేటర్ నాగులన్న కాదు, ఆయన కూతురు శైలజ కాదు. ఆ పిల్లను అన్నవాళ్లు ఆ పిల్లనే క్షమాపణ అడగండి. నేను కూడా అడగాలి. ఇట్లు, కోటిరత్నం, రాజేశ్వరి టాకీస్ దశరథరామయ్యగారి కోడలు. ఇకమీదట మా థియేటర్ సినిమాను పొగిడినా, ఎదుటి థియేటర్ సినిమాను తిట్టినా, నేను ఎవరి కోడలినో గుర్తుపెట్టుకుని చదవండి.”

పెట్టి, ఫోన్‌ను గుప్పిట్లోని టికెట్‌తో పాటు సంచిలో వేసుకుంది.

“అయిందా?”

“అయింది.”

స్కూటర్ దగ్గరికి వచ్చాక అతను చదివాడు. రెండోసారి చదివాడు. తీసేయడానికి వేలు పెట్టాడు. తీసేశాడు కూడా. కానీ అప్పటికే ఎవరో దాన్ని ఫోటో తీసి ఊరి గ్రూపులో వేశారు. అతని జేబులో, చేతిలో, ఎక్కడ పెట్టుకుంటే అక్కడ ఫోన్ వణుకుతూనే ఉంది. తండ్రి పేరు కనిపించినా ఎత్తలేదు.

“ఇంక ఆ పేజీ ఎందుకు పనికొస్తాది?” అన్నాడు.

“దేనికీ రాదు,” అంది.

అతను కిక్కు కొట్టాడు. ఎక్కమనలేదు, వద్దనలేదు. ఆమె ఎక్కి కూర్చుంది.

రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి వస్తోంది. గేటుకు ఇవతల మోటారు సైకిళ్లు, ఆటోలు, గడ్డి ట్రాక్టరు ఒకటి. ఆగినవాళ్లందరూ ఫోన్లు తీశారు. ముందు బండి మీది కుర్రవాడు చదువుతూ చదువుతూ గురునాథాన్ని చూశాడు. తర్వాత అతని వెనక చూశాడు. పక్కవాడి మోచేతిని తట్టాడు. ఆటోలోంచి ఇద్దరు ఆడవాళ్లు తలలు బయటపెట్టారు. వెనక్కి తిప్పుకుని పోదామన్నా వెనక అప్పటికే బళ్లు నిండిపోయాయి.

“కొంగు కప్పుకో,” అన్నాడు గురునాథం, తల తిప్పకుండా.

గూడ్సు ఒక్కో పెట్టె దాటుతోంది. చివరి పెట్టె ఇంకా కనిపించడం లేదు. కోటిరత్నం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, చూస్తున్నవాళ్ల వైపే చూస్తూ కూర్చుంది.